హమనోసె కుడి మోకాలు

ఎవరి గురించైనా చెప్పమంటే అందరూ ముఖంతో మొదలుపెడతారు. నేను హమనోసెని వెనకవైపు నుంచే ఎక్కువ చూశాను. పద్నాలుగేళ్ల పాటు రోజూ పొద్దున్న సాధన అయ్యాక వాడు నా ముందు చాప మీద కూర్చునేవాడు. నేను వెనక నిలబడి జుట్టుకు మైనం రాసి, దువ్వి, ముడి కట్టేవాణ్ణి. సూమో మల్లుల జుట్టు కట్టడమే నా వృత్తి. వాడి నడినెత్తిన రెండు సుడులున్నాయి. రెండు సుడులున్నవాడు పెంకివాడవుతాడంటారు. వాడు పెంకివాడు కాదు, ఎవరు చెప్పినా వినేవాడు. పెంకివాడై ఉంటే బాగుపడేవాడేమో.

అసలు పేరు ఓకిత మసకజు. ఊరు సకాయిమినాతో, పీతల రేవు. తండ్రి పడవ మీద పోయేవాడు, తల్లి షెడ్డులో పీతలు వేరుచేసేది. పదిహేనేళ్లకి బడి ముగియగానే నూటపది కిలోల శరీరంతో, ఒక్క సంచీతో టోక్యోలో మా మల్లుల శాలకు వచ్చాడు. వచ్చిన రోజు రాత్రి భోజనంలో ఏడు గిన్నెల అన్నం తిని, ఎనిమిదో గిన్నె అడగడానికి సిగ్గుపడి ఏడ్చాడు. గురువుగారి భార్యని మేమందరం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ ఎనిమిదో గిన్నె పెట్టి, "ఏడుస్తూ తింటే ఒంటబట్టదురా అబ్బాయ్, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. వాడు తినడమే చేశాడు.

సూమోలో ఆరు వరసలు. కింది నాలుగు వరసల్లో ఉన్నవాళ్లకి జీతం లేదు. తిండీ పడకా శాలవి, తన్నులు గురువుగారివి, మరుగుదొడ్లు కడగడం తమది. ఐదో వరసకి ఎక్కితే మనిషి మారిపోతాడు. నెలకి జీతం, సొంత గది, పనిచేసిపెట్టే కుర్రాళ్లు, పెళ్లి చేసుకునే యోగ్యత, తలమీద విసనకర్రలాంటి గింకో ఆకులా విప్పారిన పెద్ద ముడి. ఆ ముడి కట్టడంలోనే మా పనితనం. మా శాలలో నేను చేరిన తర్వాత ఐదో వరసకి ఒక్కడూ ఎక్కలేదు. పండగ ప్రదర్శనలకి వేరే శాలలకి వెళ్లి ఎవరెవరి తలలకో కట్టి రావడమే. పొరుగింటి పిల్లకి జడ వేసి మురిసిపోయినట్టుండేది నా బతుకు.

పోటీలు రెండు నెలలకోసారి, ఒక్కోదాన్ని దఫా అంటాం. కింది వరసలవాళ్లకి ఏడు కుస్తీలు. నాలుగు గెలిస్తే పైకి, నాలుగు ఓడితే కిందికి. పోటీకి రాకపోతే ఏడూ ఓడిపోయినట్టే లెక్క. కాలు విరిగి రాలేదా, నిద్ర లేవక రాలేదా అని మా స్థానాలు రాసే పట్టిక అడగదు. పూర్వం గోదాలో దెబ్బ తగిలినవాడికి ఒక దఫా మినహాయింపు ఉండేది. హమనోసె వచ్చిన మూడో ఏడు దాన్ని తీసేశారు. అప్పటినుంచి మా దగ్గర ఎవడూ దెబ్బకి భయపడడు, వైద్యానికి భయపడతాడు.

హమనోసె మెల్లగా ఎక్కాడు. వాడి కుస్తీ సాదా. వంగి కూర్చున్నచోటునుంచి లేచిందే తడవు ఎదుటివాడి రొమ్ములోకి దూసుకుపోయి, ఆగకుండా గోదా బయటికి తోసుకుపోవడం. పన్నెండేళ్లు పట్టింది నాలుగో వరసలో పైనుంచి మూడో స్థానానికి రావడానికి. వాడికప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆ మే నెల పోటీల్లో ఐదు కుస్తీల్లో రెండు గెలిచాడు. ఆరోది గెలిచాడు గానీ, ఎదుటివాడితో కలిసి గోదా అంచు మీదనుంచి కింద పడ్డప్పుడు కుడి మోకాలు లోపలికి ముడుచుకుంది. కింద కూర్చున్న నాకు ఆ చప్పుడు వినిపించింది. తడి గుడ్డ చింపినట్టుంది.

మధ్యాహ్నాలు నాకు పని ఉండదు కాబట్టి ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను. సెకిగుచి డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా, వాడి తొడంత కూడా ఉండదు. రెండు మంచాలు కలిపి వేయించి వాడిని పడుకోబెట్టి, మోకాలిని అటూ ఇటూ లాగి చూసింది. ఫోటోలు తీయించింది.

"మోకాలి మధ్యలో రెండు తాళ్లుంటాయి, ఒకదానికొకటి అడ్డంగా. ముందుది తెగింది. కొంచెం కాదు, మొత్తం" అంది.

"అతుక్కోదా డాక్టరుగారూ?"

"అతుక్కోదు. తొడ వెనకనుంచి ఒక నరం లాంటిది తీసి, ఎముకకి రెండు బెజ్జాలు వేసి, అందులోంచి లాగి బిగిస్తాను. వారానికి నాలుగు చేస్తాను ఇలాంటివి. భయపడాల్సిందేం లేదు. ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఎనిమిది నెలల్లో మళ్లీ పరిగెడుతున్నారు."

"ఎనిమిది నెలలంటే..." వాడు వేళ్లు మడిచాడు. "నాలుగు దఫాలు."

"నెలలు చెప్పాను నేను."

"మాకు దఫాలేనండీ." వాడు నావైపు చూశాడు, నేను గోడవైపు చూశాను. "ఎల్లుండి ఇంకొక్క కుస్తీ ఉందండీ. అది గెలిస్తే ఐదో వరస."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "తాడు లేని మోకాలు ఎప్పుడు ఎటు జారుతుందో దానికే తెలియదు. జారిన ప్రతిసారీ లోపలున్న గుజ్జు నలుగుతుంది. తాడు నేను కొత్తది వెయ్యగలను. గుజ్జు వెయ్యలేను. ఇది గుర్తుపెట్టుకుని వెళ్లు."

శాలకి వచ్చి గురువుగారికి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన పత్రిక చదువుతూనే విన్నారు. ఆయన కాలంలో విరిగిన వేలిని పుల్లకి కట్టుకుని కుస్తీ పట్టినవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

"ఎల్లుండి ఒక్కటే. ఆ తర్వాత ఏడాది పడుకో, ఎవడు వద్దన్నాడు. ఐదో వరస తొక్కి కిందపడ్డవాడు వేరు, తొక్కకుండా పడుకున్నవాడు వేరు."

అమ్మగారు ఏదో అనబోయి, చేతిలో ఉన్న ముల్లంగి తరగడం మొదలుపెట్టారు. నేను వద్దని చెప్పాల్సింది. ఆసుపత్రిలో విన్నది నేను, వాడు అన్నా అన్నా అని నమ్మింది నన్ను. చెప్పలేదు. ఏడో కుస్తీ ఐదో వరసవాడితో పడింది. ఐదో వరసవాడితో తలపడే రోజున కిందివాడు కూడా గింకో ముడి కట్టుకోవచ్చని ఆచారం. ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్న తల నా చేతికి వస్తుంటే నా నోరు లేవలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ రోజు పొద్దున్న వాడి ముడి కట్టడానికి ముప్పావుగంట తీసుకున్నాను. మామూలుగా పది నిమిషాల పని. వాడు అద్దంలో చూసుకుని, "ఇది నేనేనా అన్నా" అన్నాడు. మోకాలికి తొడ మధ్యనుంచి పిక్కదాకా పట్టీ చుట్టారు. గోదా ఎక్కాడు, లేచాడు, దూసుకుపోయాడు. నాలుగు సెకన్లు. మోకాలికి సంగతి తెలిసేలోపే ఎదుటివాడు గోదా బయట ఉన్నాడు. నేను అరిచిన అరుపుకి పక్కనున్న ముసలాయన చెవి మూసుకున్నాడు.

పోటీలు ముగిశాక వచ్చే బుధవారం పొద్దున్న ఐదో వరసకి ఎక్కినవాళ్ల పేర్లు నిర్ణయిస్తారు. ఎక్కినవాడి శాలకి ఫోను వస్తుంది. గురువుగారు ముందురోజే చేపలవాడికి శుభకార్యాలకి తెచ్చే ఎర్రచేప చెప్పారు, పెద్దది, చేతులతో పట్టుకుని ఫోటో దిగేంతది. హమనోసె కొత్త కిమోనో కట్టుకుని ఫోను ముందు కూర్చున్నాడు. కుడి కాలు మడవలేక పక్కకి చాపాడు. పది అయింది. పదకొండయింది. పన్నెండింటికి అమ్మగారు ఫోను ఎత్తి పనిచేస్తుందో లేదో చూశారు. పనిచేస్తోంది.

ఐదో వరసనుంచి ఆ దఫా కిందికి జారినవాళ్లు ఇద్దరే. ఖాళీలు రెండే. వాడికంటే ఒక కుస్తీ ఎక్కువ గెలిచిన ఇద్దరు వాటిలో కూర్చున్నారు. ఎవరి తప్పూ లేదు. నోటిదాకా వచ్చిన ముద్ద కిందపడింది, అంతే. ఎర్రచేప మాత్రం వచ్చింది. ముక్కలు కోసి పులుసులో వేశాం. అందరం తిన్నాం. హమనోసె తల భాగం తనకి వద్దని పక్కకు జరిపాడు.

ఇప్పుడైనా ఆపరేషను చేయించుకోవాల్సింది కదా అని మీరంటారు. కొత్త పట్టిక వచ్చింది. వాడు నాలుగో వరసలో మొదటి స్థానంలో ఉన్నాడు. ఆ స్థానంలో నాలుగు గెలిస్తే ఖాళీలతో పని లేకుండా ఎక్కించడం రివాజు. అక్కడ కూర్చున్నవాడిని నాలుగు దఫాలు పడుకోమంటే ఎవడు పడుకుంటాడు? నేను కూడా పడుకోను.

"ఈ ఒక్క దఫా అన్నా" అన్నాడు.

"ఈ ఒక్క దఫానే" అన్నాను.

జులైలో నగోయా ఎండల్లో మూడు గెలిచి నాలుగు ఓడాడు. ఏడో కుస్తీలో వాడు తోసుకుపోతుంటే ఎదుటివాడు పక్కకి తప్పుకున్నాడు. మామూలుగా అయితే కాలు అడ్డం పెట్టి ఆగేవాడు. ఆ కాలు ఆగలేదు. సెప్టెంబరులో రెండే గెలిచాడు. నవంబరులో ఒకటి. అప్పటికి మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, పీతలా దిగుతున్నాడు. కుర్రాళ్లు నవ్వితే, "మా ఊరు పీతల ఊరేరా" అని వాడూ నవ్వేవాడు. మోకాలు రోజూ నీరు పట్టేది. వారానికోసారి వెళ్లి సూదితో తీయించుకుని వచ్చేవాడు. ప్రతి దఫా ముందూ అదే మాట, ఈ ఒక్కటి. దిగిపోతానన్న భయంతో వైద్యం మానుకుని, మానుకున్నందుకే మెట్టుమెట్టుగా దిగిపోయాడు. ఏడాది తిరిగేసరికి మూడో వరస అడుగున ఉన్నాడు. ఆ ముందు ఏడు మేలోనే కోయించుకుని ఉంటే, నయమై ఈపాటికి తిరిగి ఎక్కుతూ ఉండేవాడు.

చివరికి రెండో వరసకి జారాక, సెప్టెంబరులో కోయించుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. సెకిగుచి డాక్టరమ్మ మోకాల్లోకి పెన్సిలంత గొట్టం పెట్టి, తెరమీద చూపించింది. తాడు కొత్తది వేసింది. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండాల్సిన బిళ్ల లోపలివైపు చింపిరి గుడ్డలా ఉంటే కత్తిరించి తీసేసింది. గుజ్జు సగం అరిగిపోయిందని చెప్పింది. తిట్టలేదు. అదే నాకు భయమేసింది.

"ఎనిమిది నెలలు. దఫాలు కాదు, నెలలు. నాలుగో నెలలో నొప్పి పోతుంది. నొప్పి పోయింది కాబట్టి నయమైందనుకుంటారు. అప్పుడే కొత్త తాడు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. చంటిపిల్ల అనుకో దాన్ని."

"సరేనండీ" అన్నాడు. నిజంగానే అనుకున్నాడు. మూడు నెలలు వాడు అనుకున్న మాట ప్రకారమే ఉన్నాడు. గోడకి ఆనుకుని కాలు ఎత్తడం, దించడం. కుర్రాళ్లకి వంట నేర్పడం. రాత్రి పడుకునేటప్పుడు మోకాలి కింద దిండు. మా శాలలో ఇంత బుద్ధిగా మంచం పట్టినవాణ్ణి చూడలేదు.

మళ్లీ పట్టికే అడ్డం వచ్చింది. రెండు దఫాలు రాకపోయేసరికి వాడు మొదటి వరసకి, అంటే అట్టడుగుకి వచ్చాడు. జనవరిలో కూడా రాకపోతే పేరే పట్టికలోంచి పోతుంది. పేరు పోయినవాడు మళ్లీ రావాలంటే, కొత్తగా చేరిన పదిహేనేళ్ల పిల్లలతో కలిసి పట్టికలో లేని పరీక్ష కుస్తీలు పట్టి మొదలుపెట్టాలి. అట్టడుగు వరసకీ, అసలు లేకపోవడానికీ తేడా ఎంత? పట్టికలో అట్టడుగు పేర్లు వెంట్రుకంత సన్నగా రాస్తారు. భూతద్దం లేకుండా కనిపించవు. ఆ వెంట్రుక కోసమే మావాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఏడు కుస్తీల్లో ఒక్కదానికి వస్తే చాలు, పేరు ఉంటుంది. కట్లతో వచ్చి, ఒక్కటి పట్టి, వెళ్లి మళ్లీ పడుకుంటారు. అన్ని శాలల్లోనూ ఉన్నదే.

"ఊరికే లేచి నిలబడు" అన్నారు గురువుగారు. "వాడు తోస్తాడు. నువ్వు వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చేయ్. పద్నాలుగేళ్లు ఒక్క దఫా తప్పకుండా పట్టికలో ఉన్న పేరు. నీ చేత్తో నువ్వు చెరుపుకుంటావా?"

"డాక్టరమ్మని అడగనా?"

"అడిగితే ఏమంటుందో నీకు తెలీదూ?"

అడగలేదు. ఈసారి నేను నోరు తెరిచాను. జుట్టు దువ్వుతూ, "వద్దురా, పేరు పోతే పోయింది, మళ్లీ వస్తుంది" అన్నాను.

"నువ్వు పోటీల్లో లేవు కదన్నా" అన్నాడు. కోపంగా కాదు. నిజమే, నేను లేను. నా దువ్వెన ఎవడి మీదా గెలవనక్కర్లేదు. చెప్పాల్సిన రోజున చెప్పనివాడి మాట, చెప్పిన రోజున ఎవరు వింటారు?

అట్టడుగు కుస్తీలు పొద్దున్న ఎనిమిదిన్నరకి మొదలవుతాయి. పదకొండు వేలమంది పట్టే మందిరంలో నలభైమంది ఉన్నారు. వాడి ఎదుట నిలబడ్డ పిల్లవాడికి పదిహేనేళ్లు. జుట్టు ఇంకా ముడికి అందక చెవుల మీద వేలాడుతోంది. ఆ పిల్లవాడికి ఎదుట ఉన్నదెవరో ఎవరో చెప్పినట్టున్నారు, రెండుసార్లు వంగి నమస్కరించాడు. లేచాడు, కళ్లు మూసుకుని వచ్చి హమనోసె రొమ్ముకి గుద్దుకున్నాడు.

హమనోసె ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు గోదా అంచున పాతిన గడ్డితాడు మీద పడాలి. అరికాలికి ఆ గడ్డితాడు తగలగానే కుడి కాలు నేలలోకి దిగింది. వాడు చెయ్యలేదు, అదే దిగింది. పద్నాలుగేళ్లపాటు రోజూ ఆ తాడు తగిలితే ఆగమని తన్ని నేర్పించాం ఆ కాలికి. ఆగవద్దని ఒక్క పూటలో చెబితే వింటుందా? పిల్లవాడు ఎగిరి పక్కకి పడ్డాడు. నిర్ణేత చెయ్యి హమనోసె వైపు ఎత్తాడు.

గెలిచాడు. పేరు నిలిచింది. వంగి నమస్కరించాడు. గోదా దిగబోయి అక్కడే కూర్చుండిపోయాడు. పడ్డ పిల్లవాడే వచ్చి చంకకింద చెయ్యి వేశాడు, ఎత్తలేకపోయాడు.

సెకిగుచి డాక్టరమ్మ ఫోటోలు చూసి బల్లమీద బోర్లించింది.

"ఎవరితో?"

"పదిహేనేళ్ల పిల్లాడితోనండీ."

"గెలిచావా?"

"గెలిచానండీ."

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. కాసేపటికి తిరిగి వచ్చి పనిలో పడింది. కొత్త తాడు ఊడిపోయింది, ఎడమ కాలినుంచి తీసి మళ్లీ వేయవచ్చు, కానీ దేనికి వేయాలి, లోపలివైపు గుజ్జు పూర్తిగా పోయి ఎముకకి ఎముక రాసుకుంటోంది అని చెప్పింది. మిగిలిన దారి ఒకటే. మోకాలి కింద ఎముకని కోసి, సందు తెరిచి, పలకా మరలూ బిగించి, కాలు వంపు మార్చడం. అప్పుడు బరువు ఇంకా బాగున్న వైపు పడుతుంది. నడవవచ్చు. కూర్చుని లేవవచ్చు. గోదా మాత్రం ఎక్కకూడదు.

"చేయండి" అన్నాడు హమనోసె. బేరమాడలేదు. వాడు గొడవపెడతాడేమోనని చూశాను. ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో వాడు తిన్నది ఒక్క ఉడికించిన గుడ్డు.

అలా ఇరవై తొమ్మిదేళ్లకి వాడి సూమో అయిపోయింది. ఐదో వరస తొక్కనివాడికి పింఛను లేదు, గురువయ్యే అర్హత లేదు. శాల హాల్లో మడత కుర్చీలు వేసి జుట్టు కత్తిరించే వేడుక చేశాం. తల్లి వచ్చింది, పీతలు తెచ్చింది. నేనే కట్టాను ఆఖరి ముడి. కత్తెర గురువుగారి చేతిలో ఉంది. ఆయన చెయ్యి ఆగింది ఒక్క క్షణం. ఆ మనిషికి కూడా లోపల ఏదో ఉంటుందని అప్పుడే తెలిసింది. అయినా ఏం లాభం?

తర్వాత అదాచీలో ముసలివాళ్ల పగటి సంరక్షణ కేంద్రంలో చేరాడు. మా దగ్గర మానేసిన చాలామంది అక్కడికే పోతారు. ఎత్తగలరు కాబట్టి. వాణ్ణి చూడటానికి నేను రెండు మూడుసార్లు వెళ్లాను. వాడి తోటివాళ్లు మంచివాళ్లు, ముసలమ్మలు గడుసువాళ్లు. కుబోకి అవ్వకి తొంభై ఒకటి. రెండు మోకాళ్లూ మార్పించుకుంది, లోహంవి. వాడి కంటే ముందు మెట్లెక్కి పైన నిలబడేది.

"ఏరా పహిల్వాన్, నువ్వు నన్నెత్తడానికి వచ్చావా, నేను నిన్నెత్తాలా?"

"నువ్వే ఎత్తాలి అవ్వా. జీతం మాత్రం నాకిస్తారు."

"పోయి నాలాగా కొత్తవి వేయించుకో. నొప్పి లేదు, పాడు లేదు."

వేయించుకోవచ్చని వాడూ అనుకున్నాడు. వాడికి ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి, ఎముక కోసి బరువు మళ్లించిన వైపు కూడా అరిగిపోయింది. ఇన్నేళ్లు బరువంతా మోసి ఎడమ మోకాలు కూడా మొదలుపెట్టింది. సెకిగుచి డాక్టరమ్మకి జుట్టు తెల్లబడింది. ఇప్పుడే వద్దంది. లోహపు కీలు ఇరవై ఏళ్లు నిలుస్తుందేమో, వాడి బరువుకి అంతకూడా నిలవదు. రెండోసారి మార్చాలంటే పట్టి ఉంచే ఎముక మిగలదు. అరవై దాకా ఓర్చుకో అంది. ఇరవై నాలుగేళ్లు. వాడు ఈసారి వేళ్లు మడవలేదు.

ఈ ఏడు మే నెలలో అమ్మగారే ఫోను చేసి వాణ్ణి పిలిపించారు. మా శాలలో ఉసామి అని ఇరవై రెండేళ్లవాడున్నాడు. నాలుగో వరసలో రెండో స్థానం. ఆరు కుస్తీల్లో మూడు గెలిచాడు. ఆ మూడో గెలుపులోనే కుడి మోకాలు పోయింది. అదే తాడు. అదే డాక్టరమ్మ, అవే మాటలు. ఏడోది మర్నాడు.

"నువ్వు చెబితే వింటాడు మసకజూ" అన్నారట అమ్మగారు. "ఆ రోజు నేను చెప్పలేదు. ఇప్పుడు నువ్వైనా చెప్పు."

సెలవు పెట్టి, మంచి కోటు వేసుకుని, కర్ర పట్టుకుని, రెండు రైళ్లు మారి వచ్చాడు. నేను ఉసామి జుట్టు దువ్వుతున్నాను. హమనోసె నేల మీద కూర్చోలేడు. కుర్చీ తెచ్చి వేశారు. ప్యాంటు మోకాలి పైదాకా లాగి మచ్చలు చూపించాడు. ఇది తాడు వేసినది, ఇది ఎముక కోసినది, ఇది పలక తీసినది. ఒక్కొక్కటీ ఎప్పుడు, ఎందుకు అన్నీ చెప్పాడు. వాడు అంతసేపు మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

"రేపు వద్దు తమ్ముడూ. పట్టిక ఎక్కడికీ పోదు. నువ్వు అట్టడుగునుంచి మళ్లీ ఎక్కగలవు, నీకు ఇరవై రెండే. గుజ్జు ఉంటే ఎక్కగలవు."

ఉసామి మర్యాదగానే విన్నాడు. తల నా చేతుల్లో ఉంది కాబట్టి కదల్లేదు.

"అన్నగారూ, మీరు ఎంతదాకా ఎక్కారు?"

"నాలుగో వరసలో మొదటి స్థానం."

"ఐదో వరస?"

"లేదు."

"అక్కడికి ఎక్కి దిగినవాడు వచ్చి వద్దంటే వినేవాణ్ణండి." గొంతు పెంచలేదు. "మీరు ఎక్కలేదు. ఎక్కలేనివాళ్లు అందరూ మోకాలి మాటే చెప్తారు."

గురువుగారు పత్రిక తిప్పారు. అమ్మగారు, "ఉసామీ" అన్నారు, అంతే. హమనోసె ప్యాంటు కిందికి దించుకున్నాడు. మడత సరిచేసుకుంటూ, "అదీ నిజమే" అన్నాడు.

ఉసామి మర్నాడు కట్టుకట్టుకుని వెళ్లి గెలిచాడు. ఈసారి ఖాళీలు నాలుగు. బుధవారం పొద్దున్న పదీ పదికి ఫోను మోగింది. గురువుగారు రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నారు. కెమెరాలు వచ్చాయి, ఎర్రచేప వచ్చింది. ఉసామి తలకి ముడి కడుతూ రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. సంతోషంతోనే, అబద్ధం ఎందుకు? శాలకి నలభై ఏళ్లకి ఒక్కడు. ఆ తర్వాత మోకాలు ఏమైనా కానీ, ఆ తలమీద ముడి నాది.

అమ్మగారు పిలిచారు కాబట్టి హమనోసె కూడా వచ్చాడు. వంటింట్లో నిలబడి చేప కోశాడు. పళ్లేలు అందించాడు, ఫోటోలకి వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఉసామి దగ్గరికి వెళ్లి శుభాకాంక్షలు చెబితే, ఆ పిల్లవాడు లేచి, కుడి కాలు చాపుకునే, తలవంచి క్షమించమన్నాడు. హమనోసె వాడి భుజం తట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాడు. గుమ్మంలో మెట్టు మీద కూర్చున్నాడు గానీ బూట్లదాకా వంగలేకపోయాడు. నేను ఎదురుగా కూర్చుని తొడుగుతున్నాను. లోపల నవ్వులు వినిపిస్తున్నాయి.

"అన్నా, వాడిది కూడా ముందు తాడే కదా తెగింది?"

"ముందుదే."

"మొత్తం?"

"మొత్తమే."

కాసేపు వాడు నా చేతులవైపు చూశాడు. రెండో బూటు తొడిగి ముడి వేశాను.

"ఇన్నాళ్లూ ఆ రోజు కుస్తీకి దిగడమే తప్పనుకున్నానన్నా. అదొక్కటీ చెయ్యకుండా ఉంటే బాగుండేదని. అలా అనుకునే పడుకునేవాణ్ణి రోజూ. అది తప్పు కాదన్నమాట. నాకే అలా రాసిపెట్టి ఉందన్నమాట."

లేవడానికి చెయ్యి చాచాడు. రెండు చేతులతో పట్టుకుని లేపాను. అలా కాదురా అని చెప్పాలని నోరు తెరిచాను. ఎలా కాదో నాకు తెలియలేదు. కర్ర అందించాను. వాడు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఉన్న రెండు మెట్లూ దిగి, స్టేషను వైపు వెళ్లిపోయాడు.